తాతయ్య రక్తం తియ్యగా ఉంటుందా?

ప్రశ్న:

మాది ఖమ్మం జిల్లా. మిర్చి కమీషన్ షాపులో అకౌంట్స్ రాస్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. బయాలజీ అంటే అప్పట్లోనే భయం. బొమ్మ గీసి భాగాలు గుర్తించలేక ఎన్నోసార్లు తిట్లు తిన్నాను. మా నాన్నకి పదేళ్లుగా షుగర్. ఈమధ్య టెస్టుల్లో హెచ్‌బీఏ1సీ 9 వచ్చింది, క్రియాటినిన్ కూడా కొంచెం ఎక్కువుందన్నారు. డాక్టర్ గారు చెబుతుంటే తలూపి బయటికొచ్చేశాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎనిమిదో తరగతి చదివే మా పాప "తాతయ్య రక్తం తియ్యగా ఉంటుందా అమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. శరీరం గురించి తెలుసుకుందామని ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించుకున్నాను, ముప్పై పేజీల దగ్గరే ఆగిపోయింది. పైగా ఏ జబ్బు గురించి చదివినా అది నాకే ఉందేమోనని టెన్షన్. నలభై రెండేళ్ల వయసులో ఇవి నాకు ఎక్కుతాయా? ఏం చదవాలి? తెలుగులో ఏమైనా ఉన్నాయా?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాన్నగారి రిపోర్టు గురించే ఆలోచించాను. రెండోసారి మీరు చేసే పని దగ్గర ఆగాను. వచ్చిన బస్తాలు ఎన్ని, తూకం ఎంత, తరుగు ఎంత పోయింది, రైతుకి ఎంత ఇచ్చారు, గల్లాలో ఎంత మిగిలింది, ఇవన్నీ సాయంత్రానికి కుదరాలి. కుదరకపోతే మీకు ఇంటికెళ్లినా అదే ధ్యాస. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి నమ్మకంగా అంటున్నాను, శరీరాన్ని అర్థం చేసుకోవడానికి కావలసింది ఆ ధ్యాసే. బొమ్మలూ భాగాలూ తర్వాతి సంగతి.

గుండె చేసే పని మనుషులకి తెలిసింది కూడా ఒక లెక్క కుదరకపోవడం వల్లే.

రెండో శతాబ్దంలో రోమ్‌లో ఉన్న గాలెన్ అనే వైద్యుడి మాటని దాదాపు 1,400 ఏళ్లు అందరూ నమ్మారు. తిన్న తిండి కాలేయంలో రక్తంగా మారుతుందని, ఆ రక్తం ఒంటికంతటికీ పారి, కాలవ నీళ్లు పొలంలో ఇంకినట్టు అక్కడే ఇంకిపోతుందని, మళ్లీ తింటే మళ్లీ కొత్త రక్తం పుడుతుందని ఆయన చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. విలియం హార్వీ అనే ఇంగ్లీషు డాక్టర్ దానికి లెక్క కట్టాడు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఎంత రక్తం బయటికి పోతుంది? ఎవరూ కాదనలేనంత తక్కువ వేసుకున్నాడు. అరగంటలో ఎన్నిసార్లు కొట్టుకుంటుంది? రెండూ గుణించాడు. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా అంత లేదు. అరగంటకోసారి అంత రక్తం కొత్తగా పుట్టాలంటే మనిషి ఎంత తినాలి? లెక్క కుదరలేదు. కుదరాలంటే ఒకటే దారి, పోయిన రక్తమే తిరిగి రావాలి. 1628లో ఈ సంగతిని ఆయన ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు.

ఇప్పటి అంకెలు ఇస్తాను, మీరే క్యాలిక్యులేటర్ తీసి వేయండి. గుండె ఒక్క దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు పంపుతుంది. నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటుంది. అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు. పెద్దమనిషి ఒంట్లో ఉండే రక్తమే సుమారు 5 లీటర్లు. రోజంతా కలిపితే 7,000 లీటర్లు దాటుతుంది. 5,000 లీటర్ల వాటర్ ట్యాంకర్ మీ వీధిలోకి వస్తే దాని పక్కన నిలబడి ఒకసారి చూడండి. అలాంటిది ఒకటిన్నర ట్యాంకర్, పిడికిలంత గుండె, ఒక్క రోజులో.

హార్వీ లెక్కతో ఆగలేదు, చేతి మీద చూపించాడు. మీరూ చూడవచ్చు. చేయి కిందికి వేలాడదీస్తే ముంజేతి మీద సిరలు ఉబ్బుతాయి. కొమ్మలు లేకుండా పొడవుగా కనిపించే ఒక సిర చూసుకోండి. మణికట్టు వైపు దాని మీద ఒక వేలు ఆనించి నొక్కి పట్టుకోండి. ఇంకో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు రక్తాన్ని తోసేస్తూ పైకి జరపండి. ఇప్పుడు పై వేలు తీసేయండి. ఆ సిర ముక్క చప్పగా, ఖాళీగా ఉండిపోతుంది. పైన రక్తం ఉంది, చేయి కిందికే ఉంది, అయినా రక్తం వెనక్కి జారదు. కింది వేలు తీస్తే మాత్రం టక్కున నిండుతుంది. మొదటిసారి కుదరకపోతే ఇంకో సిర మీద చూడండి.

నేను దీన్ని మొదటిసారి చూసింది మా నాన్న చేతి మీద. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. "సిరలలో కవాటాలు ఉండును" అని క్లాసులో చెప్పడమే గానీ ఎప్పుడూ చూడలేదు. నాన్నది పొలం పని చేసిన చేయి, సిరలు తాళ్లలా కనిపించేవి. అరుగు మీద కూర్చోబెట్టి వేలు జరిపాను. ఆ నీలం గీత మాయమై, నేను వేలు తీసినా తిరిగి రాలేదు. ఒక చోట చిన్న బుడిపెలా ఉండి అక్కడే ఆగింది. కవాటం అంటే తలుపు అని నాకు తెలుసు, కానీ అది నిజంగా ఒక వైపుకే తెరుచుకునే తలుపు అని తెలిసింది ఆ సాయంత్రమే. నాన్న తన చేతినే కొత్తగా చూసుకుంటూ "ఇంతకాలం ఇవి లోపల ఉన్నాయా" అన్నాడు.

ఇంత సేపు ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. మీరు ఏ పుస్తకం కొనాలో అడిగారు కదా, నేను పుస్తకాన్ని తూచే రాయి ఇదే: "ఇది ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకి ఆ పుస్తకంలో జవాబు ఉందా? ఎవరు చూశారు, ఎలా చూశారు, అంతకు ముందు ఏమనుకునేవారు, ఎందుకు మార్చుకున్నారు, ఇవి చెప్పే పుస్తకం మీ చేత ఆలోచింపజేస్తుంది. ఇది తినండి, అది మానండి, ఈ కషాయం తాగితే కిడ్నీలు శుభ్రమవుతాయి అని మాత్రమే చెప్పే పుస్తకాన్ని ఎంత అందమైన అట్ట ఉన్నా పక్కన పెట్టేయండి. వీడియోలకైనా, ఫోన్లో చుట్టాలు పంపే మెసేజ్‌లకైనా ఇదే కొలత.

ఇప్పుడు నాన్నగారి రిపోర్టు. పుస్తకం దొరికే దాకా దీన్ని ఆపక్కర్లేదు.

ముందు హెచ్‌బీఏ1సీ. పొద్దున్నే పరగడుపున తీసే షుగర్ ఆ పూట గల్లాలో ఉన్న డబ్బు లాంటిది. ముందు రోజు రాత్రి కొంచెం తక్కువ తింటే బాగానే కనిపిస్తుంది. హెచ్‌బీఏ1సీ మూడు నెలల ఖాతా. మూడు నెలలే ఎందుకు? మన ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, రక్తంలో తిరిగే చక్కెర కొంచెం కొంచెంగా దానికి అతుక్కుంటుంది. ఒకసారి గట్టిగా అతుక్కుంటే ఆ కణం బతికున్నంత కాలం వదలదు. ఆ కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. రోజూ కొన్ని పాత కణాలు పోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. సెకనుకి 20 లక్షలకు పైగా కొత్త కణాలు మన ఎముకల మూలుగలో పుడతాయి. కాబట్టి ఏ రోజు రక్తం తీసినా అందులో నిన్నటి కణాలూ ఉంటాయి, మూడు నెలల నాటివీ ఉంటాయి. వాటికి అంటుకున్న చక్కెర చూస్తే అన్ని రోజుల సగటు తెలుస్తుంది. 9 అంటే నూటికి 9 వంతుల హిమోగ్లోబిన్‌కి చక్కెర అంటుకుందని అర్థం. షుగర్ లేనివాళ్లలో ఇది 5.7 కన్నా తక్కువ ఉంటుంది. 9 అంటే ఈ మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున డెసిలీటర్‌కి, అంటే 100 మిల్లీలీటర్లకి, 210 మిల్లీగ్రాముల దగ్గర ఉంది.

ఈ కిటుకు తెలిశాక ఇంకో సంగతి మీకు మీరే ఊహించగలరు. ఎవరికైనా ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే? ఏదైనా కారణంతో కణాలు తొందరగా చచ్చిపోతుంటే? ఖాతా పుస్తకంలో పేజీలు మారిపోయినట్టే, అంకె నిజం చెప్పకపోవచ్చు. నాన్నగారికి రక్తహీనత ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి గుర్తు చేయండి. కంఠస్థం చేసిన వాక్యం మీ చేత ఈ ప్రశ్న అడిగించలేదు.

ఇక క్రియాటినిన్. కండరాలు పనిచేస్తుంటే పుట్టే చెత్త అది. ఒక మనిషిలో రోజుకి దాదాపు ఒకే మోతాదులో పుడుతుంది. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలో పంపేస్తాయి. మీ భాషలో చెప్పాలంటే, రోజూ వచ్చే సరుకు ఒకటే, కానీ గోడౌన్‌లో నిల్వ పెరుగుతోంది. ఎక్కడ తేడా వచ్చినట్టు? బయటికి పోయే దారిలో. క్రియాటినిన్ పెరగడం అంటే అదే. కండ బాగా తగ్గిన ముసలివాళ్లలో సరుకే తక్కువ పుడుతుంది కాబట్టి వడపోత తగ్గినా అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకే డాక్టర్లు ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోకుండా వయసు, ఆడా మగా అన్నది కూడా లెక్కలోకి తీసుకుని, కిడ్నీల వడపోత ఎంత వేగంగా సాగుతోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే ఇంకో అంకె కడతారు. నాన్నగారి రిపోర్టులో అది ఉందేమో వెతకండి, చాలా ల్యాబులు కింద చిన్న అక్షరాల్లో వేస్తాయి.

మీ ఇంట్లో మాంసం తింటారో లేదో రాయలేదు. తినేవాళ్లైతే ఈ ఆదివారం మటన్ షాపులో ఒక గుర్దా అడిగి తెచ్చుకోండి. మేక కిడ్నీ మనదానికన్నా చిన్నదైనా పని అదే. వండే ముందు నిలువుగా రెండు చెక్కలుగా కోయండి. బయటి అంచు ముదురు ఎరుపులో మెత్తగా ఉంటుంది. లోపలికి వచ్చేకొద్దీ సన్నటి చారలు, అన్నీ మధ్యకే చూస్తుంటాయి. నడుమ తెల్లటి గుంట, అందులోంచి ఒక గొట్టం బయటికి. అంచులో వడపోత, చారల్లో సన్నటి గొట్టాలు, నడుమ గుంటలో చేరేది మూత్రం. మన ఒక్కో కిడ్నీలో ఇలాంటి వడపోత గొట్టాలు సుమారు 10 లక్షలు. రెండూ కలిసి రోజుకి 180 లీటర్లు వడకడతాయి. మనం విసర్జించేది ఒకటిన్నర లీటరు. మిగతా 178 లీటర్ల పైచిలుకు ఎక్కడికి పోయింది? మళ్లీ రక్తంలోకే. చక్కెర, ఉప్పు, నీళ్లు, కావలసినంత కావలసినట్టు ఏరి వెనక్కి ఇచ్చేస్తాయి. గదిలోంచి సామానంతా బయట పెట్టి, పనికొచ్చేవన్నీ మళ్లీ లోపలికి తెచ్చి, చెత్త ఒక్కటి వీధిలో వదిలేసే మనిషిని ఊహించుకోండి. కిడ్నీలు ఆ పని రాత్రీ పగలూ చేస్తాయి. జువాలజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అవయవం ఇదే. గుండెకి వచ్చిన పేరు దీనికి రాలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ వడపోత జల్లెడ పాడవుతుంది. అప్పుడు జారకూడనివి జారతాయి, ముందుగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్. కాబట్టి ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు తలూపి రావద్దు. ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి: ఈజీఎఫ్ఆర్ ఎంత ఉంది, యూరిన్‌లో ఆల్బుమిన్ చూశారా, పాత రిపోర్టులతో పోలిస్తే ఎటు వెళ్తోంది. పాతవన్నీ తేదీల వారీగా ఒక కాగితం మీదికి ఎక్కించి తీసుకెళ్లండి, అది మీకు చేతనైన పనే. నాన్నగారు మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటుంటే అదీ చెప్పండి. చాలా నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. చదివింది మాత్రలు మార్చడానికి కాదు. డోసు తగ్గించడం, ఆపడం, ఇంకోటి మొదలుపెట్టడం డాక్టర్ చెప్పాకే. చదువు మీకు ఇచ్చేది ప్రశ్న అడిగే ధైర్యం, చెప్పిన జవాబు అర్థమయ్యే చెవి.

టెన్షన్ సంగతి రాశారు. ఇది మీ ఒక్కరికే కాదు. మెడిసిన్‌లో చేరిన పిల్లల్లో చాలామందికి మొదట్లో చదివిన జబ్బల్లా తమకే ఉన్నట్టు అనిపిస్తుంది. డిగ్రీలో పరాన్నజీవుల పాఠం నడిచిన నెలంతా నా కడుపులో ఏదో పాకుతున్నట్టే ఉండేది. దీనికి నాకు తెలిసిన మందు, చదివే వరుస మార్చడం. జబ్బు దగ్గర మొదలుపెట్టకండి. ఆ అవయవం బాగున్నప్పుడు ఏం చేస్తుందో ముందు చదవండి. కిడ్నీ 178 లీటర్లు వెనక్కి ఇస్తుందని చదివినప్పుడు మీకు భయం వేయలేదు కదా, ఆశ్చర్యం వేసి ఉంటుంది. ఆశ్చర్యంతో లోపలికి వెళ్లినవాళ్లకి జబ్బు గురించి చదివే ఓపిక తర్వాత దానంతట అదే వస్తుంది. రాత్రి పడుకునే ముందు లక్షణాలు టైప్ చేసి ఫోన్లో వెతకడం మాత్రం మానేయండి.

పుస్తకాలు. మొట్టమొదటగా నేను చెప్పేది వింటే మీరు నిరాశపడతారేమో, కానీ మనస్ఫూర్తిగా చెబుతున్నాను: ఇప్పటి పదో తరగతి జీవశాస్త్రం, తెలుగు మీడియం. పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన, ఈ నాలుగు పాఠాలు. మీరు చదివినప్పటి పుస్తకం కాదిది. పైగా ఈసారి పరీక్ష లేదు, బెత్తం లేదు. రోజుకి రెండు పేజీలు చాలు. పాపకి ఎలాగూ రెండేళ్లలో వస్తుంది. విసర్జన పాఠం చదివాక ఇంకా కావాలనిపిస్తే తెలుగు అకాడమీ ఇంటర్ జువాలజీ ఉంది, కానీ అది నేరుగా చదివే పుస్తకం కాదు, సందేహం వచ్చినప్పుడు తెరిచే పుస్తకం.

తెలుగులో సరదాగా చదివించే సైన్సు రాసినవాళ్లు ఉన్నారు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు వృత్తిరీత్యా అణుశాస్త్రవేత్త, అయినా జీవపరిణామం గురించి, మెదడు గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు రాశారు. వేమూరి వేంకటేశ్వరరావు గారు సైన్సుకి తెలుగు మాటలు వెతుక్కుంటూ రాశారు, ఆ వెతుకులాట చదవడమే ఒక చదువు. పాపకి జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి పత్రిక.

తెలుగు పదాలంటే బెదిరిపోకండి, వాటిని విప్పండి. కేశనాళిక అంటే వెంట్రుకలాంటి గొట్టం. ధమని అంటే గుండె నుంచి రక్తం తీసుకెళ్లే గొట్టం, ఆ మాట ఊదడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. పాతకాలపు గ్రీకు వైద్యులు కూడా ధమనుల్లో ఉండేది గాలి అనుకున్నారు, ఎందుకంటే చనిపోయాక శరీరం కోసి చూస్తే అవి ఖాళీగా కనిపిస్తాయి. ఒక మాట లోపల ఒక పాత ఊహ మొత్తం ఉండిపోయింది. అయితే అన్ని మాటలూ ఇలా విప్పుకోవు. కణం లోపల మైటోకాండ్రియా అనే చిన్న భాగాలు ఉంటాయి. "మైటోకాండ్రియాను కణశక్త్యాగారం అందురు" అని నేను వందల మంది పిల్లల చేత రాయించాను, మార్కులూ వేశాను. శక్త్యాగారం అంటే లోపల ఏముంటుందని అడిగిన ఒక అమ్మాయికి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అది నన్ను చాలాకాలం వెంటాడింది. ఆ తర్వాతే యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చదివాను. భీమవరంలో పుట్టిన ఆయన, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆయనతో కలిసి కండరాల్లో ఏటీపీ అనే పదార్థం ఉందని 1929లో చూపించారు. కణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం అది. మన ఒంట్లో ఏ క్షణంలో చూసినా అది ఉండేది చాలా కొంచెమే, కానీ రోజు మొత్తం మీద ఖర్చయ్యేది దాదాపు మన బరువంత. ఒకే నోటు సంతలో వంద చేతులు మారినట్టు, అదే ఏటీపీ విరిగి మళ్లీ అతుక్కుంటూ తిరుగుతుంది. ఆ నోటు అచ్చయ్యే చోటు మైటోకాండ్రియా. ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు ఇదే.

ఇంగ్లీషు పుస్తకం ముప్పై పేజీల దగ్గర ఆగిందన్నారు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచే చదవాలన్న నియమం లేదు. విషయసూచికలో కిడ్నీ ఎక్కడుందో చూసి అక్కడ తెరవండి. బిల్ బ్రైసన్ 2019లో రాసిన 'ది బాడీ' ఇలా చదవడానికి వీలైనది. ఆయన డాక్టర్ కాదు, అందుకే మనకొచ్చే ప్రశ్నలే ఆయనకీ వచ్చాయి. క్యాన్సర్ డాక్టర్ సిద్ధార్థ ముఖర్జీ పుస్తకాలు గొప్పవి, కానీ లావు, వాటిని వచ్చే ఏడాదికి ఉంచుకోండి. నీల్ షూబిన్ 'యువర్ ఇన్నర్ ఫిష్' పాపతో కలిసి చదవదగ్గది. ఆయన బృందానికి 2004లో కెనడాలోని ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఒక చేప శిలాజం దొరికింది, దాని రెక్కలో మన భుజం, మోచేయి, మణికట్టు మొదలవుతున్న ఎముకలు ఉన్నాయి. మన చేతిలో చూస్తే పైన ఒక ఎముక, కింద రెండు, తర్వాత చిన్న ఎముకల గుంపు, తర్వాత వేళ్లు. ఈసారి చికెన్ వండినప్పుడు రెక్క ముక్క విప్పి పాపకి చూపించండి, అందులోనూ ముందు ఒకటి, తర్వాత రెండు.

ఏ పుస్తకమైనా అచ్చయిన ఏడాది చూడండి. ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నది. జేబీఎస్ హాల్డేన్ అనే పెద్ద శాస్త్రవేత్త 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశారు. ఆయన దగ్గర పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు పనిచేశారు. కొందరు మగవాళ్లకి చెవి అంచున వెంట్రుకలు గుబురుగా పెరుగుతాయి కదా, అది తండ్రి నుంచి కొడుకుకే వస్తోందని ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలు గీసి 1960లో ప్రచురించారు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లేది వై క్రోమోజోమ్, కాబట్టి ఆ లక్షణం దాని మీదే ఉందన్నారు. మన తెలుగువాళ్ల చెవులు జువాలజీ పుస్తకాల్లోకి ఎక్కాయి. నేనూ గర్వంగా చెప్పేదాన్ని, పిల్లలు ఇంటికెళ్లి తాతల చెవులు చూసి వచ్చేవారు. తర్వాత 2004లో దక్షిణ భారతంలో అలాంటి చెవులున్న మగవాళ్ల వై క్రోమోజోములనే పరీక్షించి చూశారు. ఆ లక్షణం వై మీద ఉంటే వాళ్లందరి వై క్రోమోజోముల్లో ఏదో ఒక పోలిక కనిపించాలి. కనిపించలేదు. ఆ సంగతి తెలియక నేను ఇంకో నాలుగైదు బ్యాచ్‌లకి పాత పాఠమే చెప్పాను. తెలిసిన రోజు క్లాసులో ఒప్పుకుని, రెండు పరిశోధనలూ బోర్డు మీద పక్కపక్కనే రాశాను. ఆ రోజు పిల్లలు విన్నంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. వంశవృక్షాలు గీసినవాళ్ల పని వృథా కాలేదు. అప్పట్లో వాళ్ల దగ్గరున్న సాధనం అది.

మీ ఇంట్లో కరివేపాకు చెట్టు ఉందా? ఉంటే ఆకుల మీద పిట్ట రెట్ట పడినట్టు నల్లగా తెల్లగా ఏదైనా కనిపిస్తే దులపకండి. అది సీతాకోకచిలుక గొంగళిపురుగు కావచ్చు. పిట్టలు తినకుండా రెట్టలా కనిపిస్తుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రగానో నారింజ రంగులోనో రెండు కొమ్ములు బయటపెడుతుంది, ఘాటైన వాసన వస్తుంది. కొమ్మతో సహా ఒక సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, రోజూ తాజా ఆకు వేస్తూ పాపని ఒక నోటుబుక్‌లో రాయమనండి. ఏ తేదీన ఎంత పొడవు, ఏ రోజు తినడం ఆపింది, ఏ రోజు నడుముకి దారం కట్టుకుని ప్యూపా అయింది. రెక్కలు ఆరాక కిటికీ దగ్గర వదిలేయండి. జీవుల గురించి చదివే ఏ పుస్తకానికైనా ఆ నోటుబుక్ మంచి తోడు.

ఇక పాప ప్రశ్న. ఇంత మంచి ప్రశ్నకి జవాబు మాటల్లో చెప్పొద్దు. ఐదు లీటర్ల నీళ్లు పట్టే గిన్నె ఒకటి తీసుకుని నింపండి. అది తాతయ్య ఒంట్లో రక్తం అనుకోమనండి. షుగర్ లేని మనిషి పరగడుపున డెసిలీటర్‌కి సుమారు 100 మిల్లీగ్రాములు, అంటే లీటరుకి 1 గ్రాము, ఐదు లీటర్లకి 5 గ్రాములు. ఒక టీస్పూన్. ఒక్కటే. ఒళ్లంతటికీ ఏ క్షణాన చూసినా రక్తంలో ఉండే చక్కెర అంతే. పాప చేత ఒక స్పూన్ కలిపించి, ఒక గుటక తాగమనండి. తీపి తెలియదు. ఇప్పుడు తాతయ్య సగటు, 210 కాబట్టి ఇంకో స్పూన్. మళ్లీ తాగమనండి. అప్పుడూ తెలియదు.

మరి మధుమేహం అని పేరెలా వచ్చిందని పాప అడగాలి. అడగకపోతే మీరే అడగండి. మధు అంటే తేనె, మేహం అంటే మూత్రం. తియ్యదనం పట్టుబడింది రక్తంలో కాదు, మూత్రంలో. రక్తంలో చక్కెర డెసిలీటర్‌కి 180 మిల్లీగ్రాముల దగ్గర్లో ఉన్నంత దాకా కిడ్నీలు దాన్ని చివరి పలుకు దాకా ఏరి వెనక్కి తెచ్చేస్తాయి. అది దాటితే వాటి చేతుల్లో పట్టదు, మిగిలింది మూత్రంలో పోతుంది, తనతో పాటు నీళ్లనీ లాక్కుపోతుంది. షుగర్ ఎక్కువైన రోజుల్లో తాతయ్య రాత్రి నాలుగైదుసార్లు ఎందుకు లేచేవాడో, మంచం పక్కన చెంబు నిండా నీళ్లు ఎందుకు పెట్టుకునేవాడో పాపకి తెలిసే ఉంటుంది. రెండో స్పూన్ కలిపాక ఆ మాట తనని గుర్తు చేసుకోమనండి.